సెరిమనీ ఏ ఊరి మాట?

ఓణీల ఫంక్షన్ కార్డు మీద 'హాఫ్ శారీ సెరిమనీ' అని అచ్చు వేయించడం ఇప్పుడు మామూలైపోయింది. ఇంగ్లిష్‌లోకి ఆ మాట ఫ్రెంచి మీదుగా వచ్చింది. లాటిన్‌లో అది 'కైరిమోనియా'. అంతకు ముందు సంగతి దగ్గరే తగాదా అంతా.

రోమన్లు చెప్పుకున్న కథ బావుంటుంది. క్రీ.పూ. 390 ప్రాంతంలో గాల్ జాతివాళ్లు రోమ్ మీద పడ్డారు. జనం ఊరొదిలి పోతున్నారు. వెస్టా దేవత అగ్నిని ఆరకుండా కాపాడే కన్యలు పూజావస్తువులు మోసుకుంటూ కాలినడకన వెళ్తున్నారు. లూసియస్ అల్బీనియస్ అనే సామాన్యుడు అది చూసి, పెళ్లాం పిల్లల్ని బండి దింపేసి, వాళ్లను ఎక్కించుకుని కైరే పట్టణానికి చేర్చాడు. (ఆ ఇల్లాలు ఏమందో చరిత్రకారుడు లివీ రాయలేదు!) కైరే ఆదరించింది కాబట్టి పూజావిధులకు ఆ ఊరి పేరే పెట్టారని రోమన్ రచయిత వలేరియస్ మాక్సిమస్ అన్నాడు. ఆ ఊరే ఇటలీలోని నేటి చెర్వెతెరి.

కథ కోసం పదాన్ని వంచారనే నా అనుమానం. మసూరియస్ సబీనస్ అనే రోమన్ పండితుడైతే 'దూరంగా ఉండటం' అనే అర్థమున్న 'కరేరే' నుంచి లాగాడు. అది సంస్కృత 'కర్మ'కు చుట్టమేనన్న, మనవాళ్లకు ఇష్టమైన వాదమూ ఉంది. ఒకప్పటి ఇంగ్లిష్ నిఘంటుకారులూ ఆ మాట అన్నవాళ్లే. కానీ లాటిన్ పదంలోని 'ఐ' కర్మలో ఎక్కడుంది? రోమ్ పొరుగున ఉండిన ప్రాచీన జాతి ఎట్రుస్కన్ల భాష నుంచి వచ్చి ఉండొచ్చన్నది నేటి పండితుల ఊహ. కైరే కూడా ఎట్రుస్కన్ల ఊరే కాబట్టి కథను పూర్తిగా కొట్టిపారేయలేం.

నాకు పుట్టుక కన్నా అర్థం మారిన తీరే ముఖ్యం. క్రీ.పూ. 69లో మేనత్త జూలియా అంత్యక్రియల్లో యువ జూలియస్ సీజర్ మాట్లాడుతూ, తమ వంశానికి రాజుల పవిత్రతతో పాటు దేవతల 'కైరిమోనియా' కూడా ఉందన్నాడు. అక్కడ తంతు ఏమీ లేదు, చేతులు జోడించాలనిపించే భయభక్తులే. ఆ భక్తితో చేసే పనులకు తర్వాత అదే పేరైంది. ఇంగ్లిష్‌కి వచ్చాక పైపై మర్యాదకూ అదే మాట.

మన 'మొక్కుబడి' కూడా ఇదే దారి పట్టింది. దేవుడికిచ్చిన మాట అది. ఇప్పుడు 'మొక్కుబడిగా చేశారు' అంటే మనసు పెట్టలేదని తిట్టడం. 'తంతు'కూ ఆ వాసన అంటింది. సెరిమనీ మనకింకా కొత్త కాబట్టి అందులోని డొల్లతనం వినబడదు. 'ఓణీల తంతు' అని మాత్రం ఎవరూ అచ్చు వేయించరు.