అడ్వాన్సులు తిరిగిచ్చి ఆపేసినవాళ్లను తప్పుపట్టకండి

ఇక్కడ అమెరికాలో ఆఫ్‌రోడ్ క్యాంపింగ్ ట్రైలర్లు చేసే ఒక చిన్న కంపెనీ ఉత్పత్తి ఆపేస్తున్నట్టు చెప్పింది. పరిస్థితులు బాగాలేవు, కొత్త ఆర్డర్లు తీసుకోం, మొదలుపెట్టిన బండ్లు పూర్తిచేసి ఇస్తాం, మొదలుపెట్టనివాటి అడ్వాన్సులు వెనక్కి పంపిస్తాం అని ఉన్నదున్నట్టు రాశారు. ఆ రోజు నుంచీ నాకు తెలిసిన క్యాంపింగ్ వాళ్లలో చాలామందిది ఒకటే మాట. వ్యాపారం చేతకాలేదు, మూసుకున్నారు అని. ఆ మాట నాకు అస్సలు మింగుడుపడటం లేదు. అందుకే ఇంత పొడుగు పోస్టు.

ఈ బండ్ల గురించి తెలియనివాళ్లకు ముందు కాస్త చెప్పాలి. హైవే మీద కనిపించే, లోపల ఇల్లులా ఉండే పెద్ద తెల్ల ఆర్‌వీ ట్రైలర్ వేరు, ఇది వేరు. ఇది చిన్నది, బరువు తక్కువ, నేల నుంచి ఎత్తు ఎక్కువ. జీప్ వెనకో టకోమా పికప్ వెనకో తగిలించుకుని, తారు రోడ్డు అయిపోయాక కూడా రాళ్లలో, ఇసుకలో, వాగుల్లో లాక్కెళ్లడానికి చేసింది. ఫ్రేమ్‌కి మందపాటి ఉక్కు ట్యూబు వాడతారు. కింద రాళ్లు తగలకుండా చాలా బండ్లలో అడ్డంగా ఇరుసు లేకుండా చక్రానికి చక్రం విడివిడిగా సస్పెన్షన్ పెడతారు. ముందున్న బండి గోతిలో పడి ఒక పక్కకి ఒరిగినా ట్రైలర్‌ని మెలిపెట్టకుండా, రెండిటినీ కలిపేచోట అన్ని వైపులా తిరిగే కప్లర్ ఉంటుంది. చక్రాలు కూడా లాగే బండికి సరిపోయేవే వేయించుకుంటారు. జీప్ రాంగ్లర్‌కైతే 5 బోల్టులవి, టకోమాకైతే 6 బోల్టులవి. ఎక్కడో సిగ్నల్ లేని చోట టైరు పోతే ఒకే స్పేర్ రెండిటికీ పనికొస్తుంది.

ఇలా ఒక్కొక్కరికి ఒక్కో రకంగా చేయాల్సిన బండిని పెద్ద ఫ్యాక్టరీ లైన్ మీద తీయడం కష్టం. పదీ పదిహేను మంది పనిచేసే వర్క్‌షాపులే ఎక్కువగా చేస్తాయి. అలాంటిదొకటి నేను దగ్గరుండి చూశాను. షెడ్డు మధ్యలో బరువైన ఉక్కు చట్రం, దాన్ని జిగ్ అంటారు. దాని మీద ట్యూబులు బిగించి, ముందు చుక్కలు చుక్కలుగా టాక్ వెల్డింగ్ వేశారు. తర్వాత టేపు పెట్టి ఈ మూల నుంచి ఆ మూలకి, ఆ మూల నుంచి ఈ మూలకి కొలిచారు. రెండు కొలతలూ కలిశాకే పూర్తి వెల్డింగ్ మొదలైంది. వేడికి ట్యూబు ఒక వైపుకి లాగేస్తుంది కాబట్టి వరసగా వేయరు. ఇక్కడ ఒక అంగుళం, అటు చివర ఒక అంగుళం, మళ్లీ ఇటు. ఏ జాయింట్ ఎంత లాగుతుందో ఆ వెల్డర్‌కి కాగితం మీద చూడకుండానే తెలుసు. ఎన్నో ఫ్రేములు చేస్తే వచ్చిన పనితనం అది. షాపు మూతపడితే జిగ్‌ని పాత ఇనుము రేటుకి తూచి తీసుకుపోతారు, ఆయన ఇంకెక్కడో ఇంకేదో పని చూసుకుంటాడు. మూసుకున్నారు అని తేలిగ్గా అనేవాళ్లు ఈ సంగతి ఒక్కసారి ఆలోచించాలి.

ఇక చేతకాకపోవడం సంగతికొద్దాం. కరోనా టైంలో విమానాలు, హోటళ్లు వద్దనుకుని జనం క్యాంపింగ్ మీద పడ్డారు. ఆర్‌వీ పరిశ్రమ సంఘం లెక్కల ప్రకారం 2021లో ఫ్యాక్టరీల నుంచి 6 లక్షలకు పైగా బండ్లు బయటికొచ్చాయి. అంతకుముందు ఎప్పుడూ లేనంత. 2023కి వచ్చేసరికి అది సుమారు 3 లక్షల 13 వేలు. రెండేళ్లలో దాదాపు సగానికి పడిపోయింది. మధ్యలో ఏమైందో అందరికీ తెలుసు. 2022 మార్చి దాకా సున్నా దగ్గరున్న ఫెడ్ (అమెరికా కేంద్ర బ్యాంకు) వడ్డీ రేటు 2023 జూలైకల్లా 5.25 నుంచి 5.5 శాతానికి చేరింది. ట్రైలర్‌ని చాలామంది పదేళ్లు, పదిహేనేళ్ల లోన్ మీద కొంటారు. వడ్డీ పెరిగితే నెల వాయిదా పెరుగుతుంది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అన్న టెన్షన్‌లో ఉన్న ఇంట్లో ఇంటి అద్దె ఆపలేరు, డేకేర్ ఫీజు ఆపలేరు. ట్రైలర్ కొనడం ఆపగలరు, ఆపేశారు.

దానికి తోడు సెకండ్ హ్యాండ్ బండ్లు. 2021లో ఎగబడి కొన్నవాళ్లను ఆఫీసులు మళ్లీ రమ్మన్నాయి. బండి ఇంటి ముందు కదలకుండా పడి ఉంది, వాయిదా మాత్రం నెలనెలా కదులుతోంది. అమ్మకానికి పెట్టేశారు. పట్టుమని పదిసార్లు కూడా వాడని బండి తక్కువ ధరకి రేపే దొరుకుతుంటే, కొత్తదాని కోసం నెలల తరబడి ఎవరు ఆగుతారు? తాను మూడేళ్ల కింద అమ్మిన బండితోనే కంపెనీ పోటీ పడాల్సి వచ్చింది. పైగా అది గట్టిగా చేసిన బండి, అంత త్వరగా పాడవదు కూడా.

ఆ మీదట 2025 మార్చిలో దిగుమతయ్యే ఉక్కు, అల్యూమినియం మీద 25 శాతం సుంకం పడింది, జూన్‌లో దాన్ని 50 శాతం చేశారు. ఈ బండిలో ఫ్రేమ్ ఉక్కు, పైన పెట్టె చాలావరకు అల్యూమినియం. ఇక మిగిలిందేముంది? ధర పెంచితే కొనేవాడు లేడు, పెంచకపోతే ఒక్కో బండి మీద నష్టం. నెలల కింద పాత ధరకి ఒప్పుకున్న ఆర్డర్లు అయితే మరీ ఘోరం, మాట మీద నిలబడితే జేబులోంచి పెట్టుకోవాలి.

పెద్ద కంపెనీలు తట్టుకున్నాయిగా, వీళ్లెందుకు తట్టుకోలేకపోయారని ఒకతను అడిగాడు. పెద్దవాళ్లు అన్నిసార్లూ తట్టుకోలేదు. ఇండియానాలోని ఎల్క్‌హార్ట్ ఈ పరిశ్రమకి గుండెకాయ. 2006లో దేశం మొత్తం మీద 3 లక్షల 90 వేల ఆర్‌వీలు తయారైతే, 2009లో లక్షా 66 వేల దగ్గర ఆగిపోయాయి. ఎల్క్‌హార్ట్ ప్రాంతంలో నిరుద్యోగం దాదాపు 20 శాతానికి వెళ్లింది. ఒబామా అధ్యక్షుడైన మూడు వారాలకే అక్కడికి వెళ్లి జనంతో మాట్లాడాల్సి వచ్చింది. ఫ్లీట్‌వుడ్, మొనాకో లాంటి పెద్ద పేర్లు రెండూ 2009 మార్చిలోనే దివాలా పిటిషన్లు వేశాయి. నిలబడినవాళ్లకున్న వెసులుబాటు వేరు. అమ్మకాలు తగ్గితే వారానికి మూడు రోజులే లైన్ నడుపుతారు, ఒక ప్లాంటు మూసి ఇంకోటి ఉంచుతారు. పదిమంది ఉన్న షాపుకి తగ్గించడానికి ఉన్నది ఒక్కటే షిఫ్టు.

అసలు విషయం అడ్వాన్సుల దగ్గరుంది. పెద్ద కంపెనీలు డీలర్లకి అమ్ముతాయి. చిన్న షాపులు నేరుగా మన దగ్గర ఆర్డర్, అడ్వాన్సు తీసుకుని బండి కడతాయి. చాలా చోట్ల ఏం జరుగుతుందంటే, నిన్న వచ్చినవాడి అడ్వాన్సుతో ఆర్నెల్ల కింద వచ్చినవాడి బండికి ఉక్కు, టైర్లు, వాటర్ ట్యాంకు కొంటారు. ఆర్డర్లు వస్తున్నంత కాలం ఇది ఎవరికీ కనపడదు. ఆర్డర్లు నెమ్మదించిన నెలలోనే బండారం బయటపడుతుంది. వరుసలో చివర ఉన్న పదిమంది డబ్బు అప్పటికే వేరేవాళ్ల బండ్లలో కలిసిపోయి ఉంటుంది. ఆ నెలలో యజమాని ముందు రెండే దారులు. ఉన్న డబ్బుతో లెక్క తేల్చి ఆపేయడం, లేదా డిస్కౌంట్ సేల్ అని పెట్టి మరో పదిమంది దగ్గర అడ్వాన్సు గుంజడం.

రెండో దారి పట్టినవాళ్ల చేతిలో మా ఫ్రెండ్ మోసపోయాడు. పేరు చెప్పను. 8,000 డాలర్లు కట్టాడు. వచ్చే నెల, వచ్చే నెల అంటూ తిప్పారు. ఫ్రేమ్ రెడీ అయిందని ఒక ఫోటో పంపారు, అది ఇంకొకరి బండి ఫోటో అని తర్వాత తెలిసింది. ఫోన్లు ఎత్తడం మానేసిన వారం కూడా వాళ్ల వెబ్‌సైట్ అడ్వాన్సులు తీసుకుంటూనే ఉంది. చివరికి దివాలా కోర్టు నుంచి కవరు వచ్చింది. ట్రైలర్ కొందామనుకున్నవాడు కాస్తా అప్పులవాళ్ల జాబితాలో ఒక పేరు అయ్యాడు.

ఆ జాబితాలో మనం ఎక్కడుంటామో తెలిస్తే కడుపు మండుతుంది. తాకట్టు పెట్టుకుని అప్పిచ్చిన బ్యాంకు ముందు. తర్వాత దివాలా ప్రక్రియ ఖర్చులు, లాయర్ల ఫీజులు. తర్వాత కార్మికులకి బాకీ ఉన్న జీతాలు, అవి ముందు రావడం న్యాయమే. ఆ తర్వాత సొంత వాడకానికి అడ్వాన్సు కట్టిన మామూలు మనిషి వంతు, అదీ ఒక పరిమితి వరకే. మావాడి కేసు నాటికి ఆ పరిమితి 3,350 డాలర్లు, 2025 ఏప్రిల్ నుంచి 3,800. అంతకు మించింది అందరితోపాటు అడుగున. అక్కడిదాకా డబ్బు మిగిలితే కదా! మావాడికి ఇంతవరకూ ఒక్క డాలర్ రాలేదు.

ఇప్పుడు చెప్పండి, డబ్బు ఇంకా చేతిలో ఉండగానే ఆపేసి, ఎవరిది వాళ్లకి పంపినవాళ్లు చేతకానివాళ్లా? నా లెక్కలో వాళ్లు చేసిందే సరైన వ్యాపారం. వాళ్ల దగ్గర పనిచేసేవాళ్లకి కూడా ముందే చెప్పారు, వేరే ఉద్యోగం వెతుక్కోవడానికి టైం ఇచ్చారు. చట్టం ప్రకారం 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాల్సింది మామూలుగా 100 మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న కంపెనీలే. వీళ్లని ఎవరూ అడగరు. అయినా ఇచ్చారు.

ఆపేయడం అంటే అంతం అనుకోనక్కర్లేదు కూడా. ఎయిర్‌స్ట్రీమ్ అందరికీ తెలుసు, ఆ వెండి రంగు ట్రైలర్. రెండో ప్రపంచ యుద్ధంలో అల్యూమినియం అంతా విమానాలకి వెళ్లిపోయినప్పుడు వాళ్లూ ఉత్పత్తి ఆపేశారు. స్థాపకుడు వాలీ బయమ్ విమాన పరిశ్రమలో పనికి కుదిరాడు. యుద్ధం అయ్యాక మళ్లీ మొదలుపెట్టాడు, ఇప్పటికీ ఆ బండ్లు వస్తున్నాయి. అప్పులపాలై, కస్టమర్ల ఉసురు పోసుకుని మూసినవాడికి అలా తిరిగొచ్చే దారి ఉండదు. పేరు నిలబెట్టుకున్నవాడికి ఉంటుంది.

ఆ కంపెనీని నేను అడిగేది మాత్రం ఒకటుంది. నా ట్రైలర్ చేసిన షాపు ఇప్పుడు లేదు, అందుకే దీని విలువ నాకు బాగా తెలుసు. ఎండలో చాలాసేపు నడిచి, చక్రాల మధ్య బేరింగులుండే హబ్బులు వేడెక్కి ఉన్నప్పుడు చల్లటి వాగులోకి దింపితే లోపలి గాలి ఒక్కసారిగా ముడుచుకుంటుంది, సీలు పక్క నుంచి నీళ్లు లాగేసుకుంటుంది. ఇంటికొచ్చి క్యాప్ తీసి చూస్తే గ్రీజు పాలు కలిపినట్టు తెల్లగా ఉంటుంది. మా బండికీ అదే అయింది. తుడిచి చూస్తే బేరింగుల మీద నంబర్లు కనపడ్డాయి, లోపలిది ఎల్ 68149, బయటిది ఎల్ 44649. 3,500 పౌండ్ల ఇరుసులకి దేశమంతా వాడే మామూలు సైజులు. దగ్గర్లోని ఆటో పార్ట్స్ షాపులో దొరికాయి, సాయంత్రానికల్లా పని అయిపోయింది. బండి చేసినవాడు లేకపోయినా నాకేం ఇబ్బంది రాలేదు, ఎందుకంటే ఆయన ఎక్కడైనా దొరికే భాగం ఎంచుకున్నాడు.

అదే వెనక తలుపు రబ్బరు సీలు పోయినప్పుడు చుక్కలు కనిపించాయి. అది ప్రత్యేకంగా చేయించిన ఆకారం, ఎవరి దగ్గర చేయించారో చెప్పేవాళ్లు లేరు. దుమ్ము లోపలికి రాకుండా ఇప్పటికీ టేపు వేసుకునే తిరుగుతున్నాం. వైరింగ్ డయాగ్రం లేక బ్రేకు లైట్ల వైరు ఎటు పోయిందో వెతకడానికి లోపలి ప్యానెళ్లన్నీ విప్పాల్సి వచ్చింది. ఒక్క పీడీఎఫ్ ఉంటే సరిపోయేది.

కాబట్టి ఉత్పత్తి ఆపే ప్రతి షాపూ విడిభాగాల పట్టిక బయట పెట్టాలి. ఏ భాగం ఎవరి దగ్గర కొన్నారు, నంబరేంటి, సీళ్ల కొలతలేంటి, వైర్లు ఎటు నుంచి ఎటు వెళ్తాయి. ఫ్రేమ్ డ్రాయింగులు ఇవ్వడం ఇష్టం లేకపోతే ఇవ్వకండి, మళ్లీ మొదలుపెట్టాలనుకుంటే అవి మీ ఆస్తి, అర్థం చేసుకోగలను. కానీ తలుపు సీలు నంబరు దాచుకుని ఏం చేస్తారు?

ఇక వేరే చోట ఆర్డర్ ఇచ్చి ఎదురుచూస్తున్నవాళ్లకి. అడ్వాన్సు క్రెడిట్ కార్డు మీదే కట్టండి, బండి రాకపోతే బ్యాంకులో డిస్ప్యూట్ వేయడానికి అవకాశం ఉంటుంది. కట్టేసి ఉంటే, మీరు అడిగినప్పుడల్లా మీ బండి ఫోటోని విన్ నంబరు (ఒక్కో బండికి ఉండే గుర్తింపు నంబరు) కనపడేలా పంపమనండి. డెలివరీ రోజు ఎంఎస్‌ఓ, అంటే బండి తామే చేశామని కంపెనీ ఇచ్చే కాగితం, చేతిలో పడకుండా మిగతా డబ్బు ఇవ్వకండి. అది లేకపోతే కొత్త బండికి మీ పేరు మీద టైటిల్ చేయించుకోవడానికి నానా తిప్పలు పడాలి, మూతపడిన కంపెనీ నుంచి ఆ కాగితం తెప్పించడం ఇంకా నరకం. ఒకవేళ కోర్టు కవరే వస్తే పక్కన పడేయకండి. మీకు రావాల్సిన డబ్బు కోరే ఫారం 410 నింపి, అడ్వాన్సు రసీదు జతచేసి, అందులో రాసిన గడువులోగా పంపండి. మావాడితోపాటు డబ్బు కట్టినవాళ్లలో ఇద్దరు ఆ కవరుని ఏదో ప్రకటన అనుకుని చింపేశారు, వాళ్ల పేర్లు ఇప్పుడు ఆ జాబితాలో కూడా లేవు.