స్విచ్ యూజర్ వేరు, సైన్ అవుట్ వేరు

“ఒకే కంప్యూటర్‌ను నలుగురు వాడుతుంటే, లేచేటప్పుడు స్విచ్ యూజర్ నొక్కండి చాలు. మీ ప్రోగ్రాములు ఆగిపోతాయి, మెషీన్ తేలికపడుతుంది, మీ ఫైళ్లు ఇంకెవరికీ కనబడవు.” విండోస్ వాడేవాళ్ల మధ్య బాగా తిరుగుతున్న చిట్కా ఇది. ఇందులో సగం నిజం ఒకటే ఉంది, అది చివరి మాటలో.

ప్రోగ్రాములు ఆగిపోతాయా? ఆగవు. మీ అకౌంట్‌ను మూయకుండానే ఇంకొకరి అకౌంట్‌కు మారే ఈ సదుపాయం 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చిందే అవి ఆగకుండా ఉండటానికి. బ్రౌజర్ ట్యాబులు, సగం టైపు చేసిన ఫైలు అన్నీ మెమరీలోనే ఉంటాయి, డౌన్‌లోడ్ కూడా సాగుతూనే ఉంటుంది.

అలాంటప్పుడు మెషీన్ తేలికపడటం ఎక్కడిది? బరువెక్కుతుంది. అడ్మినిస్ట్రేటర్ అకౌంట్‌లో (మెషీన్‌పై పూర్తి అధికారం ఉన్నది) కంట్రోల్+షిఫ్ట్+ఎస్కేప్ నొక్కి, టాస్క్ మేనేజర్‌లో యూజర్స్ ట్యాబ్ చూడండి. ఎవరి పేరు మీద ఎంత మెమరీ పోతోందో తెలుస్తుంది. 4 జీబీ ర్యామ్‌లో ముగ్గురి బ్రౌజర్లు తెరిచి ఉంటే విండోస్ డిస్క్‌ను మెమరీగా వాడుకోవడం మొదలుపెడుతుంది, నత్తనడక అప్పుడే.

చిట్కా చెప్పని ప్రమాదం ఇంకోటి ఉంది. తర్వాత కూర్చున్నవారు షట్ డౌన్ నొక్కితే, వేరేవాళ్లు ఇంకా సైన్ ఇన్ అయి ఉన్నారని, సేవ్ చేయని పని పోవచ్చని విండోస్ హెచ్చరిస్తుంది. అయినా సరేనని నొక్కితే పోయేది మీ పనే. పవర్ బటన్ అదిమి పట్టి ఆపేస్తే ఆ హెచ్చరిక కూడా రాదు. కాబట్టి మారే ముందు కంట్రోల్+ఎస్ నొక్కి సేవ్ చేయడం తప్పనిసరి.

ఇక ఫైళ్లు. సీ డ్రైవ్‌లోని యూజర్స్ ఫోల్డర్‌లో మీ పేరుతో ఉన్న ఫోల్డర్‌ను ఇంకొకరి స్టాండర్డ్ అకౌంట్ (ఆ పూర్తి అధికారం లేని మామూలు అకౌంట్) తెరవలేదు. నిజమైన సగం ఇదే. అడ్మినిస్ట్రేటర్ అయితే “కంటిన్యూ” నొక్కి లోపలికి వెళ్లగలరు, పైగా ఆ ఒక్క నొక్కుతో ఆ ఫోల్డర్‌పై వారికి అనుమతి శాశ్వతంగా నమోదైపోతుంది. డీ డ్రైవ్ సంగతి మరీ అన్యాయం: మామూలు సెట్టింగుల్లో అక్కడ పెట్టినవి ఏ అకౌంట్ నుంచైనా చదవొచ్చు, చెరిపేయొచ్చు. ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో అసలు అనుమతులన్న మాటే లేదు. సొంత ఫైళ్లు డాక్యుమెంట్స్‌లో ఉంచి, సెట్టింగ్స్‌లో అకౌంట్స్ కింద మిగతావారిని స్టాండర్డ్ యూజర్‌గా మార్చండి. మీ అకౌంట్‌కు పాస్‌వర్డ్ లేకపోతే మాత్రం ఇవేవీ అక్కరకు రావు.

ఎవరైనా ఐదు నిమిషాలు వాడుకుని లేస్తారనుకుంటే స్విచ్ యూజర్ చక్కగా సరిపోతుంది. ఆ రోజుకు పని అయిపోతే సైన్ అవుట్ చేయండి, మీ ప్రోగ్రాములు నిజంగా మూసుకునేది అప్పుడే. స్టార్ట్ మెనూలో మీ పేరు మీద నొక్కండి. కొత్త విండోస్ 11లో సైన్ అవుట్ అక్కడి మూడు చుక్కల వెనక దాక్కుని ఉంటుంది.