లింక్డ్ లిస్ట్ తిరగేస్తేనే ఉద్యోగమా?

నిన్న ఇంటర్వ్యూలో నాలుగో రౌండ్. ఆ ఉద్యోగంలో పనేమో పాత జావా కోడ్ చూసుకోవడం, అర్ధరాత్రి ఏదైనా ఆగిపోతే లాగ్‌లు, అంటే సిస్టమ్ రాసుకునే రికార్డులు, వెతకడం. అడిగిందేమో లింక్డ్ లిస్ట్ తిరగేయమని, అంటే గొలుసులా ఒకదానికొకటి కట్టిన డేటా వరసని తలకిందులు చేయమని! 11 ఏళ్ళ సర్వీసులో ఇంటర్వ్యూల్లో తప్ప దాన్నెక్కడా తిరగేయలేదండీ. జావాలో రెడీగా ఉన్న కలెక్షన్స్ డాట్ రివర్స్ అని ఒక్క లైన్ చాలు కదా అంటే ఇంటర్వ్యూ చేసే ఆయన మొహం మాడిపోయింది. "అది వాడకుండా చెయ్యండి."

సరే, రాశాను. అదీ ఖాళీ డాక్యుమెంట్‌లో, రన్ చేసే వీల్లేకుండా. ఆయన కెమెరా కట్టేసి ఇంకెవరితోనో ముచ్చట్లు. మ్యూట్‌లో ఉన్నాననుకున్నాడు పాపం, కుక్కర్ విజిల్ మూడుసార్లు వినిపించింది.

ఓ 20 లైన్ల పాడైన కోడ్ ఇచ్చి తప్పెక్కడో చూడమనొచ్చు కదా? డేటాబేస్‌ని అడిగే క్వెరీ ఎందుకు నత్తనడక నడుస్తోందో, త్వరగా వెతకడానికి ఇండెక్స్ ఎక్కడ పెట్టాలో అడగొచ్చు కదా? అరగంటలో సరుకెంతో తేలిపోతుంది. వచ్చినవాడు ఏఐ ఇచ్చిన జవాబు చూసి చదువుతున్నాడని అనుమానమా, "ఎందుకలా?" అని వరసగా రెండుసార్లు అడగండి, నీళ్ళు నములుతాడు.

సాయంత్రం హెచ్ఆర్ ఫోన్. "నోటీస్ పీరియడ్ 90 రోజులా సార్? మాకు వెంటనే జాయినయ్యేవాళ్ళు కావాలి."

ఆ ముక్క రెజ్యూమెలో నా పేరు కిందే ఉంది. నాలుగు రౌండ్లలో ఒక్కరూ చదవలేదు.