20 రూపాయల సబ్బు బుడగల సీసాకు ఒక తాత ఫిర్యాదు

మారతహళ్లి, బెంగళూరు.

బుడగల సీసా గారికి,

నమస్కారాలు. ఒంగోలు దగ్గర హైస్కూల్లో 34 ఏళ్లు తెలుగు చెప్పి, ఇప్పుడు కొడుకింట్లో మనవడి వెనకాల పరిగెడుతున్నవాణ్ణి. మీ మీద నాకు కొన్ని ఫిర్యాదులున్నాయి.

కబ్బన్ పార్కు గేటు దగ్గర 20 రూపాయలకు కొంటే మా ఇంటికొచ్చారు మీరు. అప్పటికే మా హాల్లో మీకంటే ఘనులున్నారు. నొక్కితే ఇంగ్లీషులో జంతువుల పేర్లు చదివే పుస్తకం ఉంది. వేలు తగిలితే బుడగలు పగిలే ఆటతో ఒక ట్యాబు ఉంది. ఆ బుడగలు అయిపోవు, వాటి కోసం ఎవర్నీ అడగక్కర్లేదు. రెండేళ్లు నిండని పిల్లలకు స్క్రీనే వద్దని, ఆ తర్వాత ఐదేళ్లు నిండేదాకా రోజుకు గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిందట. కోడలు చదివి వినిపించిన పూటే ట్యాబు బీరువా ఎక్కింది. దాని చోట్లో మీరు కూర్చున్నారు.

మావాడికి 22 నెలలు. 'అమ్మ', 'తాత' తప్ప మూడో మాట లేదని ఇంట్లో టెన్షన్. ముందు చెవులు పరీక్ష చేయించారు, బాగానే ఉన్నాయి. ఇంట్లో తెలుగు, పనమ్మాయిది కన్నడం, బయట ఇంగ్లీషు, అందుకే మాట ఆలస్యమేమో అన్నాను. ఎక్కువ భాషలు వింటే మాట ఆలస్యం కాదని స్పీచ్ థెరపిస్టు అమ్మాయి కొట్టిపారేసింది. "ఇంట్లో సబ్బు బుడగలున్నాయా?" అని అడిగింది. నా కష్టాలు అక్కడ మొదలయ్యాయి.

నేను నాలుగు బుడగలు ఊది, "ఇదేం రంగు నాన్నా? ఎన్నున్నాయి? ఎర్రది చూపించు" అని యూనిట్ టెస్టు పెట్టాను. (నిజానికి మీకు సొంత రంగే లేదు. సబ్బు పొర మందాన్ని బట్టి వెలుగు రంగులు మారుస్తుంది. ఎర్రది చూపించమంటే నేనూ తప్పేవాణ్ణి.) ఆ అమ్మాయి ఆపింది. "తాతగారూ, ప్రశ్నలొద్దు. వాడి ముఖానికి ఎదురుగా నేల మీద కూర్చోండి. ఊదండి. పగిలితే 'టప్' అనండి, చాలు. అన్నీ పగిలాక మూత బిగించి సీసా వాడికివ్వండి. ఇంక మాట్లాడకుండా మనసులో పది లెక్కపెట్టండి."

పది! క్లాసులో ప్రశ్న వేసి నేనెప్పుడూ మూడు కూడా లెక్కపెట్టలేదు. ఈలోపే జవాబు నేనే చెప్పేసేవాణ్ణి.

వాడు మూత తిప్పాడు, రాలేదు. పళ్లతో కొరికాడు. నన్ను చూశాడు, మూతను చూశాడు, మళ్లీ నన్ను చూశాడు. నేను ఎనిమిదిలో ఉన్నాను. సీసా తెచ్చి నా మోకాలి మీద ఆనించి "బ" అన్నాడు.

అదే అడగడమట. పూర్తి మాట వస్తేనే ఊదుతానని బిగుసుకోకూడదట. చూపైనా, చాచిన చెయ్యైనా సరే, 'బుడగ' అని ఒక్కమాట అని వెంటనే ఊదాలట.

పెదవులు కలిస్తే పుట్టే ప, బ, మలు ఓష్ఠ్యాలని ఏటా బోర్డు మీద రాసి చెప్పినవాణ్ణి. బుడగ, పైకి, పట్టు, పోయింది అంటూ మీ చుట్టూ ఓష్ఠ్యాలే మూగుతాయని ఒక్క ఏడాదీ తట్టలేదు. పైగా జీవితం బుద్బుదప్రాయమని మిమ్మల్ని చులకన చేస్తూ పాఠాలు చెప్పాను. మీరు పగలకుండా గాలిలో అలాగే నిలబడితే వాడికి 'పోయింది' అనే మాటతో పనేముంది?

రోజూ ఊదిస్తే నోరు బలపడి మాటలొస్తాయని పక్కింటాయన సలహా. ఊదడం వేరు, మాట వేరు అంది థెరపిస్టు. అయినా మావాడికి ఊదడమెక్కడిది, పీల్చాడు! సబ్బునీళ్లు ఉమ్మించేసరికి నా తాతలు దిగొచ్చారు. మీ వల్ల టైల్స్ జారుతున్నాయన్నది మా ఆవిడ ఫిర్యాదు. అదీ ఇందులోనే కలుపుకోండి.

అసలు దెబ్బ మొన్న తగిలింది. వంద సార్లు 'ఇంకా' అన్నది నేను. పనమ్మాయి అంట్లు తోముతూ కన్నడంలో "ఇన్నూ బేకా?" (ఇంకా కావాలా?) అని అడిగింది నాలుగే సార్లు. బుడగలు అయిపోగానే తెలుగు మాస్టారి మనవడు నా వైపు తిరిగి స్పష్టంగా "ఇన్నూ" అన్నాడు. ఊదాను. ఏం చేస్తాను?

నిన్న సాయంత్రం వానపడి గాలిలో తేమ ఉంది. బుడగలు తొందరగా ఆరిపోలేదు. ఒకటి బాల్కనీ గ్రిల్ దాటి కిందింటి తీగ మీది లుంగీ దాకా వెళ్లింది. ఇద్దరం వంగి చూశాం. ఆ తర్వాత వాడు నా చేతిలోంచి మిమ్మల్ని లాక్కుని, మూత పెట్టి, గుండెకు హత్తుకుని ఎదురుగా కూర్చున్నాడు. చెయ్యి చాపాను, ఇవ్వలేదు. "ఇవ్వరా కన్నా" అన్నాను, కదల్లేదు. నా నోటి వంకే చూస్తున్నాడు. ఎంత దాకా లెక్కపెట్టాడో తెలీదు.

"ఇన్నూ" అన్నాను.

ఇట్లు,
తాత