సవరణ: ప్రకటన నిజం, ప్రేమకథ కల్పితం

శనివారం మారతహళ్లిలో మనవాళ్లం కలిసి చూడబోయే ‘సేఫ్టీ నాట్ గ్యారంటీడ్’ సినిమా గురించి మొన్న ‘నిజం ఆధారంగా తీసింది’ అని రాశాను. టైమ్ మెషిన్ కట్టిన మనిషి నిజంగా ఉన్నాడా అని చాలామంది అడుగుతున్నారు. లేడండీ. నిజమైనది ఒక చిన్న ప్రకటనే. 1997లో ‘బ్యాక్‌వుడ్స్ హోమ్’ అనే అమెరికన్ పత్రికలో, ఖాళీ జాగా నింపడానికి అక్కడి ఉద్యోగే సరదాగా రాశాడు: కాలంలో వెనక్కి వెళ్లడానికి తోడు కావాలి, ఆయుధాలు మీరే తెచ్చుకోవాలి, భద్రతకు హామీ లేదు.

ఆ నాలుగు ముక్కల చుట్టూ ప్రేమకథ అల్లింది సినిమా రచయిత డెరెక్ కానలీ. 2012 సన్‌డాన్స్ చిత్రోత్సవంలో స్క్రీన్‌ప్లే అవార్డు ఆయనకే వచ్చింది. యంత్రం కన్నా, దాన్ని కడుతున్నానంటున్న మనిషిని నమ్మాలా వద్దా అన్న టెన్షనే ఇందులో ముఖ్యం. చిన్న బడ్జెట్ సినిమాకి అంతకన్నా ఏం కావాలి?