డోలో గోళీ లెక్క తప్పుతున్నదెక్కడ?

2020 మార్చిలో రెండు తెలుగు రాష్ట్రాల ముఖ్యమంత్రుల నోటా కరోనా గురించి మాట్లాడుతూ పారాసిటమాల్ పేరు వచ్చినప్పుడు సోషల్ మీడియా పగలబడి నవ్వింది. నవ్వినవాళ్ల ఇళ్లలోనూ ఫ్రిజ్ మీది డబ్బాలో డోలో షీటు ఒకటి ఉండే ఉంటుంది, అదీ పారాసిటమాలే. తప్పేం లేదు. జ్వరానికి, తలనొప్పికి, పంటినొప్పికి చీటీ లేకుండా దొరికేవాటిలో ఇదే మేలు. డెంగీ రోజుల్లో మరీనూ. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ రక్తస్రావం ముప్పు పెంచుతాయి కాబట్టి డెంగీ అనుమానం ఉంటే వాటి జోలికి పోకుండా దీన్నే వాడమంటారు.

చిక్కంతా లెక్కలో ఉంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజుకు 4000 మిల్లీగ్రాములు పైహద్దు. జ్వరం వచ్చిన మనిషి ఆరేసి గంటలకు ఒకటి చొప్పున 650 మిల్లీగ్రాముల గోళీలు నాలుగు వేశాడనుకోండి, 2600. ముక్కు కారుతోందని మూడు పూటలా జలుబు బిళ్ల. అందులోనూ పారాసిటమాల్ 500 ఉంటే మరో 1500. మోకాళ్ల నొప్పికి రోజూ వాడే ఎసిక్లోఫెనాక్ కాంబినేషన్‌లో పారాసిటమాల్ 325 చొప్పున రెండు పూటలకు 650. మొత్తం 4750. అతని దృష్టిలో మాత్రం మూడు జబ్బులకు మూడు వేర్వేరు మందులు! షీటు వెనక చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు చదివితే తప్ప ఇది బయటపడదు. 50 కిలోల లోపు బరువున్నవాళ్లకు, రోజూ తాగేవాళ్లకు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లకు హద్దు ఇంకా తక్కువ. అది డాక్టరు చెప్పాలి.

మింగిన మందులో ఎక్కువ భాగాన్ని కాలేయం హాని లేకుండా మార్చి మూత్రంలోకి పంపేస్తుంది. కొద్ది భాగం మాత్రం విషంగా మారుతుంది. దాన్ని విరిచేది కాలేయంలో నిల్వ ఉండే గ్లూటాథయోన్ అనే పదార్థం. తిండి లేకపోతే ఆ నిల్వ తరుగుతుంది. లంఖణం పరమౌషధం అంటూ రెండు రోజులు పస్తుండి, జ్వరం దిగలేదని గోళీల మీద గోళీలు వేస్తే కాలేయం మీద దెబ్బ మరింత ఎక్కువ. ఖాళీ కడుపుతో ఒకటి వేసుకుంటే ఏం కాదు. తిన్నాకే వేసుకోవాలన్న నియమం ఐబూప్రొఫెన్ లాంటివాటిది. పారాసిటమాల్‌కు తోడుగా గ్యాస్ బిళ్ల కూడా అక్కర్లేదు.

పిల్లల దగ్గర పొరపాటు ఇంకా సులువు. మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి: కిలోకు 15 మిల్లీగ్రాములు, కనీసం 4 నుంచి 6 గంటల ఎడం, రోజుకు నాలుగుసార్లకు మించకుండా. పది కిలోల బిడ్డకు 150. 5 మిల్లీలీటర్లకు 120 ఉండే సిరప్ అయితే 6 మిల్లీలీటర్లు, 250 ఉండేదైతే 3 చాలు. చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరులోనే 100 ఉంటుంది, అంటే ఒకటిన్నర. సిరప్ అయిపోయిందని చుక్కల మందును అదే 6 కొలతతో పోస్తే నాలుగింతలు పడుతుంది. వంటింటి చెంచా పనికిరాదు, సూది లేని సిరంజితో కొలవండి. మూడు నెలల లోపు పసికందుకు జ్వరమొస్తే సిరప్ కోసం వెతకొద్దు, ఆస్పత్రికి పరుగెత్తాలి.

ఇది చేయలేని పనులూ ఉన్నాయి. వాపు తగ్గించడంలో బలహీనం. నడుం పట్టేసినవాళ్ల మీద ఆస్ట్రేలియాలో జరిగి 2014లో వెలువడిన పెద్ద పరిశోధనలో, మందు లేని ఉత్తుత్తి బిళ్ల వేసినవాళ్లకంటే పారాసిటమాల్ వేసినవాళ్లు త్వరగా కోలుకున్నదేమీ లేదు. ‘డోలో పనిచేయలేదు’ అంటే షాపులో చేతికొచ్చేది డైక్లోఫెనాక్ కాంబినేషన్. ఆ షీటు మీది ఎర్రగీత చీటీ ఉంటేనే అమ్మాలని చెబుతున్నా ఎవరూ ఆగరు. బీపీ, కిడ్నీ జబ్బు, కడుపులో పుండు ఉన్నవాళ్లకు అసలు ప్రమాదం అక్కడ మొదలవుతుంది.

పారాసిటమాల్ మోతాదు మించితే మొదటి రోజు వాంతులు, నీరసం తప్ప పెద్దగా ఏమీ కనిపించదు. ఒక్కోసారి అవీ ఉండవు. కాలేయం దెబ్బతిన్న సంగతి రెండో రోజో మూడో రోజో బయటపడుతుంది. విరుగుడు ఎసిటైల్‌సిస్టీన్, మింగిన 8 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. కళ్లు పచ్చబడేదాకా చూడకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఖాళీ షీట్లన్నీ వెంట పట్టుకెళ్లండి, ఎన్ని గంటలకు మింగారో రాసుకోండి. డాక్టరు మొదట అడిగేవి ఆ రెండే.