మధ్యవర్తిత్వ క్లాజు గారికి, ఉప్పల్ నుంచి

మహారాజశ్రీ దేశాలు ఒకదానితో ఒకటి చేసుకునే అంతర్జాతీయ పెట్టుబడి ఒప్పందాల్లోని మధ్యవర్తిత్వ క్లాజు గారికి,

హైదరాబాద్ ఉప్పల్ నుంచి ఒక ఎల్ఎల్ఎం విద్యార్థి నమస్కరించి రాయునది. ఇక్కడ మేము క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు. ఒప్పందం రద్దయినా పాత పెట్టుబడులకు మరో పది, పదిహేనేళ్ళు మీరు బతికే ఉంటారని చదివాక ఆ దిగులు పోయింది.

బహుళజాతి కంపెనీలకూ ప్రభుత్వాలకూ వచ్చే తగాదాల మీద సెమినార్ పేపర్ రాస్తున్నాను. అదేమిటని అమ్మ అడిగింది. "బయటి కంపెనీకి మన ప్రభుత్వంతో తగువొస్తే ముగ్గురు పెద్దమనుషుల్ని కూర్చోబెడతారమ్మా. ఒకరు వాళ్ళ తరఫు, ఒకరు మన తరఫు, మూడో ఆయన ఉమ్మడి" అన్నాను.

"పంచాయితీ అను. మరి మనం ఆ కంపెనీ మీద పెట్టొచ్చా?"

"మామూలుగా కుదరదు."

"అదేం పంచాయితీరా!" అని చారు పోపు మాడిపోతోందంటూ లోపలికి వెళ్ళిపోయింది.

నా పేపర్ ఆగిపోయింది వైట్ ఇండస్ట్రీస్ దగ్గర. ఈ ఆస్ట్రేలియా కంపెనీ 1989లో కోల్ ఇండియాతో బొగ్గు గని పనికి ఒప్పందం చేసుకుంది. పేచీ వచ్చింది. ఆ కాంట్రాక్టు ప్రకారం కూర్చున్న మధ్యవర్తుల తీర్పు 2002లో కంపెనీ వైపే వచ్చింది. దాన్ని అమలు చేయించుకోవడానికి మన కోర్టుల చుట్టూ తిరిగి చెప్పులరగ్గొట్టుకుని, చివరికి భారత్, ఆస్ట్రేలియా దేశాల పెట్టుబడి ఒప్పందం పట్టుకుని మీ గడప తొక్కింది. 2011 నవంబరులో మీరు భారత్‌దే తప్పన్నారు. తొమ్మిదేళ్ళ జాప్యమా, హవ్వ అని, రావలసిన 40 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల పైచిలుకు వడ్డీతో ఇప్పించారు.

ఇందులో మీ చాకచక్యానికి దండం పెట్టాలి. హక్కులు అమలు చేసుకోవడానికి 'సమర్థమైన మార్గాలు' కల్పిస్తామన్న మాట ఆస్ట్రేలియా ఒప్పందంలో లేదు, మనం కువైట్‌తో చేసుకున్న ఒప్పందంలో ఉంది. ఎవరికైనా మేలు చేస్తే మాకూ చేయాలన్న షరతు పట్టుకుని ఆ వాక్యాన్ని అరువు తెచ్చుకున్నారు. కడప జిల్లా వాళ్ళు ఇన్నేళ్ళుగా కువైట్ వెళ్ళొస్తున్నారు, బంగారం తెచ్చుకున్నారు, సెంటు సీసాలు తెచ్చుకున్నారు, ఈ వాక్యం మాత్రం ఎవరికీ దొరకలేదు.

ఎందుకు అడుగుతున్నానంటే, మా తాతయ్య 1998లో ప్రహరీగోడ మూడడుగుల గురించి సిటీలో ఒక కోర్టులో దావా వేశారు. తాతయ్య పోయారు. అవతలి వకీలు పోయారు. మొన్న వానలకు గోడా పడిపోయింది. కేసు మాత్రం నిలబడే ఉంది. తొమ్మిదేళ్ళకే మీకు గుండె కరిగిందంటే మా ఫైలు చూస్తే మంచం పడతారు.

మీరు చెడ్డవారనను. 2012లో చట్టం మార్చి పాత లావాదేవీల మీద పన్ను వేయడం మనవాళ్ళ నిర్వాకమే. ఆ పన్ను పడ్డ విదేశీ కంపెనీలు వొడాఫోన్, కెయిర్న్ రెండూ 2020లో మీ దగ్గర గెలిచాయి. కెయిర్న్‌కు 120 కోట్ల డాలర్లు ఇమ్మన్నారు. ఇవ్వకపోతే మరుసటేడు పారిస్‌లో మన ప్రభుత్వ ఆస్తుల మీదికే వచ్చింది. ఆ ఆగస్టుకల్లా పార్లమెంటు చట్టాన్ని వెనక్కి తీసుకుంది.

కానీ విశాఖ మన్యంలో బాక్సైట్ తవ్వొద్దని గిరిజనులు పట్టుబట్టారు. ఆ ఖనిజం సరఫరా ఒప్పందం రద్దయితే, యూఏఈలోని రస్ అల్ ఖైమా పెట్టుబడి సంస్థ మీ దగ్గరికొచ్చింది. ఆ గదిలో కంపెనీకి కుర్చీ, ప్రభుత్వానికి కుర్చీ. కొండవాళ్ళకు గుమ్మం బయట చెప్పుల దగ్గర కూడా చోటు లేదు.

2015 చివర్లో మనవాళ్ళు కొత్త నమూనా ఒప్పందం రాశారు. మీ దగ్గరికి వచ్చే ముందు ఐదేళ్ళు ఇక్కడి కోర్టుల్లో ప్రయత్నించాలని అందులో పెట్టారు. ఐదేళ్ళు! మా కేసులో సమన్లు అందడానికే అంత పట్టింది.

ఆ మూడడుగులను మారిషస్ కంపెనీ పేరు మీదికి మార్చి, బయటి కంపెనీనై మీ దగ్గరికి వద్దామనీ అనుకున్నాను. సిగరెట్ల కంపెనీ ఫిలిప్ మోరిస్ ఇలాగే, సిగరెట్ పెట్టెల చట్టం మీద పోట్లాడటానికి ఆస్ట్రేలియా వ్యాపారాన్ని హాంకాంగ్ కంపెనీ కిందికి మార్చి వస్తే, తగువు వస్తుందని తెలిసే మార్చారంటూ 2015లో మీరే తిప్పి పంపారు. అంటే తాతయ్య గోడ కట్టకముందే మారిషస్ వెళ్ళి ఉండాల్సింది. ఆయన యాదగిరిగుట్ట దాటి వెళ్ళలేదు.

వచ్చే నెల వాయిదా ఉంది. ఆ కువైట్ వాక్యం జిరాక్స్ తీసి పట్టుకెళ్తున్నాను. మా వకీలు గారు చదివి, "ఇది మనకు వర్తించదు, మనం ఇక్కడివాళ్ళం కదా" అన్నారు. ఒక్కరోజుకి అరువిస్తే సాయంత్రానికి తెచ్చిచ్చేస్తాను.

ఇట్లు,
మరణించిన 1వ వాది తాలూకు వారసుడు,
వాది నం. 4